సర్దుకుపోవడం ఎవరి పని?

నిడమనూరు,
18-11-2025.

బిడ్డా,

కాలువ కింద వరికోతలు అయిపోవచ్చాయి. హాలియా రోడ్డు మీద ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. కాంటా ఎప్పుడు పడుతుందోనని మీ నాయిన రెండు రోజులుగా కొనుగోలు కేంద్రం దగ్గరే పడుకుంటున్నాడు. ఇంటి సంగతులు ఇంతే.

ఇక అసలు సంగతి. మొన్న ఆదివారం నువ్వు ఫోన్‌లో చెప్పింది విన్నప్పటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు. మళ్లీ ఫోన్ చేస్తే "సరే అత్తమ్మా" అని మాట దాటేస్తావని తెలుసు. అందుకే ఉత్తరం రాస్తున్నా. కాగితమైతే దాచుకుని రెండోసారి చదువుతావు.

నువ్వు చెప్పింది చెప్పినట్టే తిరిగి రాస్తాను, ఎందుకంటే అందులో ప్రతి ముక్కా ముఖ్యమే. మిర్యాలగూడలో అకౌంట్ల పనికి ఇంటర్వ్యూకు పోయావు. ఆఫీసు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. గోడ పట్టుకుని, ఎడమకాలు ముందు వేసి, కుడికాలు లాక్కుంటూ ఎక్కావు. పైకి పోయాక వాళ్లు నీ సర్టిఫికెట్ల కన్నా ముందు నీ కుడిచెయ్యి చూశారు. టాలీ వచ్చా అని అడగలేదు, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టలేదు. "నీకెందుకమ్మా ఈ కష్టం? రోజూ ఈ మెట్లు ఎక్కుతావా? పెన్షన్ వస్తది కదా, ఇంటి పట్టున ఉండు" అన్నారు. ఇదంతా చెప్పి చివర్లో నువ్వేమన్నావో గుర్తుందా? "వాళ్లు మంచిగనే చెప్పిన్రు అత్తమ్మా, తిట్టలేదు. పోనీలే, సర్దుకుంటా."

ఆ సర్దుకుంటా అనే మాట దగ్గరే నా నిద్ర పోయింది.

ఆ మాట నా నోట్లో ముప్పై ఏళ్లు ఉంది బిడ్డా. నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. వికలాంగుల కోటాలో 1998లో నాకు ఉద్యోగం వచ్చింది. 2001లో ఒక ఆఫీసుకు బదిలీ అయ్యాను. ఏ ఆఫీసో రాయను, అక్కడి వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. నా సీటు మేడ మీద. 23 మెట్లు. పోలియో కాలితో, క్యాలిపర్ తొడుక్కుని, పొద్దున ఒకసారి ఎక్కి సాయంత్రం ఒకసారి దిగేదాన్ని. బాత్రూం కింద ఉండేది. మధ్యలో దిగి ఎక్కడం నా వల్ల కాదు కాబట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగేదాన్ని కాదు. ఎండాకాలంలో కూడా. పక్క సీటు వాళ్లు చాయ్ తెప్పిస్తే అలవాటు లేదని చెప్పేదాన్ని. పదకొండేళ్లు అట్లా గడిపాను. రెండుసార్లు కిడ్నీలో రాళ్లు వచ్చి ఆసుపత్రిలో పడ్డప్పుడు మీ నాయినే నా పక్కన ఉన్నాడు, కానీ ఆ రాళ్లకు కారణం ఆయనకు ఈ రోజుకీ తెలియదు.

2012లో కొత్తగా ఒక అమ్మాయి ఉద్యోగంలో చేరింది. వచ్చిన వారానికే నన్ను గమనించి, నన్ను అడక్కుండానే పై అధికారి దగ్గరికి పోయి, "మేడం సీటు కిందికి మారిస్తే ఏమవుతది సార్?" అన్నది. ఆయన, "నిజమే, నాకు ఆలోచనే రాలేదు, ఆమె ఎప్పుడూ అడగలేదు కదా" అన్నాడట. అదే రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక నా బల్ల, కుర్చీ, ఒక బీరువా కిందికి దించారు. ఇద్దరు అటెండర్లు, రెండు గంటల పని. ఆ రోజు సాయంత్రం నేను కింద కూర్చుని రెండు గ్లాసుల నీళ్లు తాగాను.

రెండు గంటల పని కోసం పదకొండేళ్లు ఎందుకు ఆగానని నన్ను నేను ఎన్నోసార్లు అడుక్కున్నాను. ఉద్యోగం ఇవ్వడమే పెద్ద దయ, మళ్లీ ఇంకోటి అడగడం ఏందని లోపల ఒక భయం. అడిగితే, "చేతకాకపోతే ఎందుకొచ్చినవ్" అంటారేమోనని ఇంకో భయం. ఆ భయాలు నీకు రాకూడదని ఈ ఉత్తరం.

ఇప్పుడు చట్టం ఏమంటుందో విను. 2016 డిసెంబరులో పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టం చేసింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు 1995 చట్టం ఉండేది, నాకు ఉద్యోగం వచ్చింది దాని చలవతోనే. ఆ పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉంటే కొత్తదాంట్లో 21 ఉన్నాయి. నీకు పుట్టుకతో వచ్చిన సెరిబ్రల్ పాల్సీ పేరు పెట్టి మరీ ఉంది. కానీ నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది ఆ జాబితా కాదు, వివక్ష అంటే ఏమిటో అది చెప్పిన తీరు. వైకల్యం కారణంగా మనిషిని వేరు చేసినా, బయట పెట్టినా అది వివక్షే. అట్లా చేయాలన్న ఉద్దేశం ఉన్నా సరే, ఉద్దేశం లేకుండా ఫలితం అట్లా వచ్చినా సరే. ఈ చివరి ముక్క మీద వేలు పెట్టి ఆగు. "వాళ్లు మంచిగనే చెప్పిన్రు" అన్నావు కదా? మంచిగా చెప్పారా, కసిరి చెప్పారా అని చట్టం అడగదు. నువ్వు ఆ మెట్లు దిగి ఉద్యోగం లేకుండా వెనక్కి వచ్చావా లేదా అనే అడుగుతుంది.

ఆ నిర్వచనం లోపలే ఇంకో మాట ఉంది. ఇంగ్లీషులో రీజనబుల్ అకామడేషన్ అన్నారు. నేను నా నోటుబుక్కులో దాన్ని తగిన సర్దుబాటు అని రాసుకున్నాను. ఒక మనిషి అందరితో సమానంగా పని చేసుకోవడానికి, చదువుకోవడానికి అవసరమైన మార్పు. చేసే వాళ్ల మీద మోయలేని భారం పడనంత వరకు అది చేసి తీరాలి, చేయననడం కూడా వివక్షే. చదవగానే నాకు ఒళ్లు జల్లుమన్నది. పుట్టినప్పటి నుంచి మనకు చెబుతూ వచ్చింది ఏమిటి? నువ్వే సర్దుకుపో బిడ్డా అని. బడిలో సర్దుకో, బస్సులో సర్దుకో, పెళ్లిలో మూలకు కూర్చుని సర్దుకో. ఈ చట్టం వచ్చి, సర్దుకోవాల్సింది బల్ల, మెట్టు, గడియారం అని చెప్పింది. మనిషి కాదు. నా బల్ల కిందికి దిగిన ఆ మధ్యాహ్నానికి చట్టంలో పేరు దొరికినట్టయింది.

మరి ప్రతి ఉద్యోగానికీ ప్రతి ఒక్కరినీ తీసుకోవాలా అని మీ నాయిన అడిగాడు. మంచి ప్రశ్నే. చట్టమూ అట్లా అనలేదు. న్యాయమైన అవసరం కోసం, ఆ అవసరానికి తగినంత మేరకే షరతు పెడితే అది వివక్ష కాదు. రంగులు సరిగా గుర్తుపట్టలేని మనిషికి బస్సు స్టీరింగ్ ఇవ్వకపోవచ్చు. అయితే కథ అక్కడితో అయిపోదు. సరిగ్గా ఇట్లాంటిదే మన ఆర్టీసీ డ్రైవరు ఒకాయన కేసు. 2014లో ఉద్యోగంలో చేరాడు. తర్వాత వైద్య పరీక్షలో రంగులు గుర్తుపట్టే చూపు లేదని తేలింది. వేరే పని ఇవ్వండి అని అడిగాడు. ఇవ్వలేదు, వైద్య కారణాలతో రిటైర్ చేశారు. హైకోర్టులో ఒకసారి గెలిచి, అప్పీలులో ఓడి, ఆఖరికి ఢిల్లీ దాకా పోయాడు. మొన్న ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. ఎనిమిది వారాల్లో వేరే తగిన ఉద్యోగం ఇవ్వాలని, ఆగిపోయిన జీతంలో నాలుగో వంతు చెల్లించాలని చెప్పింది. ఆయనకు ఆధారమైంది ఏమిటో తెలుసా? 1979లో కార్మిక సంఘం యాజమాన్యంతో చేసుకున్న ఒప్పందంలోని ఒక నిబంధన. రంగుల చూపు పోయిన డ్రైవరుకు వేరే పని చూపించాలని అప్పుడెప్పుడో ఎవరో పట్టుబట్టి రాయించారు. తర్వాత వచ్చిన సర్క్యులర్లు దాన్ని చెరిపెయ్యలేవని కోర్టు అన్నది. ఎప్పుడో రాసి పెట్టిన కాగితం నలభై ఆరేళ్ల తర్వాత ఒక కుటుంబానికి అన్నం పెట్టింది. అందుకే కాగితం మీద రాయి, రాయి అని నీ వెంట పడుతున్నాను.

నీ చేతికి సంబంధించిన తీర్పు కూడా ఒకటి ఉంది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే జబ్బు ఉన్న ఒక అబ్బాయి సివిల్స్ పరీక్షకు తనకు బదులు రాసేవాళ్లు కావాలని అడిగితే, నీకు 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ లేదు కదా అని కాదన్నారు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అది తప్పన్నది. రిజర్వేషన్‌కు 40 శాతం కావాలేమో గానీ, సర్దుబాటుకు ఆ లెక్క అడ్డం పెట్టకూడదన్నది. ఏ మనిషికి ఏం అవసరమో ఆ మనిషిని అడిగి తెలుసుకోవాలి అన్నది ఆ తీర్పు సారం. నీకు 40 దాటే ఉంది కాబట్టి రెండూ వర్తిస్తాయి. గ్రూప్స్ రాస్తానన్నావు కదా, అప్పుడు గంటకు 20 నిమిషాల అదనపు సమయం అడుగు. డిగ్రీలో అడగకుండా చివరి ప్రశ్నలు వదిలేసి వచ్చావని మీ అమ్మ చెప్పింది. ఇక మీదట అట్లా వదలకు. ప్రభుత్వ ఉద్యోగాల్లో మనకు 4 శాతం ఉంది. అందులో నీది నడక, కదలికల వైకల్యాల కింద వచ్చే ఒక శాతం.

ప్రైవేటు వాళ్ల సంగతి దాచకుండా చెబుతాను, ఎందుకంటే తర్వాత నువ్వు నిరాశ పడొద్దు. ఆ 4 శాతం కోటా వాళ్లకు లేదు. కానీ ప్రైవేటు సంస్థ కూడా ఈ చట్టం లోపలిదే. సమాన అవకాశాల విధానం అని ఒకటి రాసి పెట్టుకోవాల్సిన బాధ్యత ప్రతి సంస్థకూ ఉంది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా జరిమానా, మళ్లీ చేస్తే యాభైవేల నుంచి ఐదు లక్షల దాకా. ఫిర్యాదు వినడానికి వికలాంగుల కోసం రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. మనుషుల్ని పిలిపించి, కాగితాలు తెప్పించి విచారించడానికి సివిల్ కోర్టుకు ఉండే అధికారాలు ఆ కమిషనర్‌కు ఉన్నాయి. అయితే ఆ కార్యాలయం చేసేది సిఫారసు. దాని మీద ఏం చేశారో మూడు నెలల్లో చెప్పాలి. కోర్టు డిక్రీ అంత బలం దానికి లేదు. ఇది చట్టంలో లోటని నా అభిప్రాయం. లోటు ఉన్నా ఆ తలుపు తట్టాల్సిందే. ఎవరూ తట్టని తలుపు వెనక మనుషులు ఉండరు.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. ముందు ఆ సంస్థకే ఒక అర్జీ రాయి. కోపంగా వద్దు, ఏడుపుగా అసలే వద్దు. ఫలానా తేదీన ఫలానా ఉద్యోగానికి వచ్చాను, నా పని పరీక్షించకుండానే వైకల్యం కారణంగా పంపించారు, నాకు పరీక్ష పెట్టండి, తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వండి. దాని కింద నీకు కావాల్సింది స్పష్టంగా రాయి. సౌకర్యాలు కల్పించండి అని రాస్తే వాళ్లకు కొండంత కనిపిస్తుంది. కింది అంతస్తులో ఒక బల్ల, ఎడమచేతికి అనువుగా మౌసు. అంతే కదా నీకు కావాల్సింది? ఆ రెండే రాయి. నువ్వు ఎడమచేత్తో ఎంత వేగంగా కొడతావో నేను చూశాను, అదీ రాయి. కాపీ మీద తేదీ, సంతకం, స్టాంపు వేయించుకో. వాళ్లు తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచు. నీ వైకల్య గుర్తింపు కార్డు (యూడీఐడీ) జిరాక్సు జత చెయ్యి, అసలు కార్డు ఎవరి చేతికీ ఇవ్వకు.

పదిహేను రోజులు చూడు. జవాబు రాకపోతే ఒక కాపీ హైదరాబాద్‌లో కమిషనర్‌కు, ఒకటి నల్లగొండలో జిల్లా సంక్షేమాధికారికి. సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్‌లో కూడా ఇవ్వొచ్చు. వకీలు కావాల్సి వస్తే భయపడకు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. దాని కోసం నల్లగొండ దాకా కూడా పోనక్కరలేదు, మన నిడమనూరులోనే కోర్టు ఉంది.

పెన్షన్ వస్తది కదా అన్న మాట గురించి. ఆ 4,016 రూపాయలు నీ హక్కు, సిగ్గు పడాల్సిన డబ్బు కాదు. కానీ దాన్ని చూపించి ఉద్యోగం తలుపు మూసే హక్కు ఎవరికీ లేదు. ఆ డబ్బు నువ్వు ఇంట్లో కూర్చున్నందుకు ఇచ్చే జీతం అనుకుంటున్నారు వాళ్లు.

ఈ సర్దుకుపోవడం గురించి ఆలోచిస్తుంటే నాకు అంశల స్వామి గుర్తొస్తాడు. మర్రిగూడ మండలం శివన్నగూడెం. మనకు సాగర్ కాలువ ఉంది, వాళ్లకు ఫ్లోరైడ్ బోర్లు ఉండేవి. ఒకే జిల్లా. అతని ఒళ్లంతా ఆ నీళ్లతో వంకర్లు తిరిగింది. 2003లో అతన్ని ఢిల్లీ తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయి ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. దేశం మొత్తం అప్పుడు చూసింది. 2023 జనవరిలో పోయాడు. మార్చాల్సింది నీళ్లను. అవి మారేలోపు తరాల తరబడి మనుషుల ఎముకలు సర్దుకున్నాయి. నల్లగొండ జిల్లా వాళ్లకు ఈ మాట అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కరలేదు.

మీ తాత ఎప్పుడూ నాకు ఇంకొకరి పేరు చెప్పేవాడు. జైపాల్‌రెడ్డి. ఆయన పుట్టింది మన జిల్లా నెర్మటలోనే. చిన్నప్పుడే పోలియో, జీవితమంతా చంకకర్రలు. 1999లో, 2004లో మన మిర్యాలగూడ నుంచే లోక్‌సభకు గెలిచాడు, కేంద్ర మంత్రి అయ్యాడు. "ఆయన కాలేదా బిడ్డా, నువ్వెందుకు కావు" అనేవాడు మీ తాత. నాకు ధైర్యం వచ్చేది, నిజమే. కానీ ఆఫీసులో మెట్లు ఎక్కుతూ ఒక రోజు నాకు తోచింది. ఆయన గొప్పతనం ఆ మెట్లకు సమాధానం కాదు. ఆయనంత ప్రతిభ లేని వికలాంగులు కూడా, మామూలు గుమాస్తాలు, మామూలు దుకాణదారులు, నాలాంటి వాళ్లు, బాత్రూంకు పోయి రావాలి కదా. నీకు ఎవరైనా గొప్పవాళ్ల ఉదాహరణలు చెబితే విను, గౌరవించు. కానీ గొప్పదానివైతేనే నీకు కింద బల్ల దొరకాలని మాత్రం ఒప్పుకోకు.

వికలాంగులు, దివ్యాంగులు అనే మాటల గొడవ నీ హాస్టల్లో నడుస్తుందన్నావు. ఏ మాట నీకు గౌరవంగా ఉంటే అదే వాడు. అందరి ముందు కావాలని కించపరిచే మాట అంటే మాత్రం ఊరుకోకు. అది ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష పడే నేరం.

మీ అమ్మ సంగతి. పెళ్లిళ్లకు పోయేటప్పుడు నీకు పొడుగు చేతుల జాకెట్టే కుట్టిస్తుందని నీకు కోపం. ఆమెను తప్పు పట్టకు. నిన్ను చంకనెత్తుకుని వారానికి మూడుసార్లు మిర్యాలగూడ బస్సెక్కి ఫిజియోథెరపీకి తిప్పింది ఆమె. ఏడేళ్లు. లోకం మారుతుందని ఎవరూ ఆమెకు చెప్పలేదు, కాబట్టి నిన్నే మార్చాలని చూసింది. ఈ అర్జీ ఇచ్చే ముందు ఒకసారి ఆమెకు చదివి వినిపించు. ఆమె వద్దంటుంది. అయినా వినిపించు.

కాగితం మొదలుపెట్టడానికి చెయ్యి రాకపోతే నాకు ఫోన్ చెయ్యి. ఎన్నో ఏళ్లు ఊళ్లో వాళ్ల అర్జీలు చదివిన దాన్ని, ఏ వాక్యం పనికొస్తుందో నాకు తెలుసు. శుక్రవారం కళ్ల పరీక్షకు మిర్యాలగూడ వస్తున్నాను. మధ్యాహ్నానికి పని అయిపోతుంది. బస్టాండులో కూర్చుని ఇద్దరం ఒకసారి చూసి, అక్కడి నుంచే ఆ ఆఫీసుకు పోదాం. ఆ రెండు అంతస్తులు నేనూ ఎక్కలేను. కింద నిలబడి, ఎవరైనా దిగి వచ్చి తీసుకొమ్మని కబురు చేద్దాం.

సకినాల డబ్బా పంపిస్తున్నా, నీ రూమ్‌లో వాళ్లకు కూడా పెట్టు.

మీ అత్తమ్మ